అదను దెబ్బ, ఎడం జరగడం, కాచుకోవడం: బల్లమీది పోరాటపు ఆటకు తెలుగు మాటలు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారమండి. సెలవులకు అమలాపురం వచ్చిన మా పిల్లలు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆటను తెలుగులో ఆడుతున్నారు. గళ్ళ కాగితం మీద చింతపిక్కలను శత్రువులుగా పేర్చి, ఇరవై ముఖాల పాచిక వేస్తూ కథ నడుపుతున్నారు. కథ చక్కగానే సాగుతోంది గాని, పోరాటం మొదలయ్యేసరికి ‘ఆపర్చునిటీ అటాక్’, ‘డిసెంగేజ్’, ‘డాడ్జ్’ అన్న మాటల దగ్గర ఆగిపోతున్నారు. ‘అవకాశ దాడి’, ‘పలాయనం’, ‘తప్పించుకోవడం’ అని నేను చెప్పినవి వారికి రుచించలేదు. మీ అభిప్రాయం తెలుపగోరుతాను.

జవాబు: నమస్కారమండి. పిల్లలకు రుచించకపోవడం సబబే. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ వెలువరించిన ఈ ఆటలో ఏ మాటకు ఎంత పని అప్పగించారో ముందు చూడాలి. 2014 నాటి ఐదవ కూర్పు ప్రకారం ఒక్కో రౌండు, అంటే అందరికీ తలా ఒక వంతు వచ్చే విడత, ఆరు సెకన్ల కాలం. తన వంతు వచ్చినప్పుడు సాధారణ మానవుడు 30 అడుగులు, అంటే అయిదడుగుల గళ్ళు ఆరింటి మేర కదలవచ్చు, ఒక చర్య చేయవచ్చు. అయితే శత్రువు చేతికి అందే దూరంలో ఉన్నవాడు ఆ దూరం దాటి పోబోతే, శత్రువు తన వంతు కాకపోయినా, తనకున్న ఒకే ఒక్క ప్రతిచర్యను ఖర్చుచేసి ఒక దెబ్బ కొట్టవచ్చు.

‘ఆపర్చునిటీ అటాక్’ అంటే ఇదే. ఇది ‘దాడి’ కాదు. దాడి అంటే దండుగా వెళ్ళి మీద పడటమన్న అర్థమే మనకు ముందుగా తోస్తుంది. ఇక్కడిది ఒక్క క్షణంలో దొరికిన సందు, అందులో పడే ఒక్క దెబ్బ. ‘అదను చూసి దెబ్బ కొట్టాడు’ అని రోజూ అనుకునే మనకు ‘అవకాశ దాడి’ ఎందుకండీ? వరి పండించే ఈ డెల్టాలో అదను తెలియని ఇల్లు లేదు. అది మళ్ళీ వస్తుందని చెప్పలేని సమయమన్న భావం ఆ మాటలోనే ఉంది. కాబట్టి ‘అదను దెబ్బ’ అనండి. ‘వెన్నుపోటు’ అని మాత్రం అనవద్దు. అందులో నమ్మకద్రోహం ఉంది, ఈ నియమంలో లేదు.

ఇక ‘పలాయనం’ అసలు అర్థానికే ఎదురు తిరుగుతోంది. వెన్నిచ్చి పరుగెత్తడమే పలాయనం. అలా పరుగెత్తేవాడికే అదను దెబ్బ పడుతుంది. డిసెంగేజ్ చేసినవాడు తన చర్యనంతా అందుకే వెచ్చించి, ఆ వంతు ముగిసేదాకా దెబ్బకు చిక్కకుండా కదులుతాడు. చెడుగుడులో కూతకు వెళ్ళిన ఆటగాడు ఎదుటి జట్టు మీదినుంచి చూపు తిప్పకుండా, ఒక కాలు వెనక్కి వేస్తూ, రెండో కాలిని చేతులకు అందనీయకుండా లాక్కుంటూ గీత వైపు జరగడం మీ పిల్లలు చూసే ఉంటారు. ‘వెనుకంజ’ అందామంటే దానికి జంకు అంటుకుంది. ‘ఎడం’ అన్న మాటకు ఆ మచ్చ లేదు. ‘నేను ఎడం జరుగుతున్నాను’ అంటే దూరం తెలుస్తుంది, జాగ్రత్తా తెలుస్తుంది. ఉన్న వేగానికి మరో అంత కలుపుకొని పరుగెత్తే ‘డ్యాష్’కు ‘ఉరుకు’ చాలు.

‘తప్పించుకోవడం’ జరిగిపోయిన ఫలితాన్ని చెబుతుంది. డాడ్జ్ చేసినవాడికి దెబ్బ తగలవచ్చు, తగలకపోనూవచ్చు, కాకపోతే కొట్టేవాడు రెండు పాచికలు వేసి తక్కువ పడిన దానినే లెక్కలోకి తీసుకోవాలి. ‘కాచుకో!’ అని సవాలు విసిరే జాతి మనది గనుక, ‘కాచుకోవడం’ ఇక్కడ అతికినట్టు సరిపోతుంది.

దెబ్బల రకాలకైతే మనం వెతుక్కోనక్కరలేదు. ఆ ఆట ఆయుధాల గాయాలను మూడుగా విడదీస్తుంది: కత్తి, గొడ్డలి నరికితే వేటు, బల్లెం, బాకు దిగితే పోటు, గద, దుడ్డుకర్ర పడితే మోదు.

ప్రశ్న: చాలా సంతోషమండి. మరి ‘రెడీ’ అనే చర్యకు ఏమనాలి? తలుపు తెరుచుకోగానే బాణం వేస్తానని ముందే చెప్పి ఆగడం అది. ‘కాచుకొని ఉండటం’ అంటే డాడ్జ్‌తో కలిసిపోతుంది కదా?

జవాబు: మంచి అనుమానం. ‘మాటు వేయడం’, ‘పొంచి ఉండటం’ సరిపోవు. వాటికి దాక్కోవడం తప్పనిసరి, రెడీకి అది అవసరం లేదు. దీనికి ‘కాపు కాయడం’ అనండి. రెండింటికీ ధాతువు ఒకటే అయినా, ‘కాచుకోవడం’లోని ‘కొను’ ఆ పనిని తనవైపు తిప్పుతుంది, అంటే తన ఒంటిని తానే రక్షించుకోవడం. కాపు కాసేవాడి చూపు తన మీద కాదు, తలుపు మీద ఉంటుంది. తలుపు తెరుచుకున్నాక బాణం వదిలితే ప్రతిచర్య దానికే ఖర్చవుతుంది. కాబట్టి వాడికి మళ్ళీ వంతు వచ్చేవరకు, పక్కనుంచి ఎవరు దాటిపోయినా అదను దెబ్బ కొట్టే వీలుండదని పిల్లలకు చెప్పండి.