డిఫ్‌లో 90 గేర్ ఆయిల్ పోస్తే సరిపోదా?

గాజువాక బగ్గీ:
నాది 1/8 సైజు ఫోర్ వీల్ డ్రైవ్ ఆర్సీ (రిమోట్‌తో నడిపే) బగ్గీ. ఆర్కే బీచ్ ఇసుకలో ముందు చక్రం ఒకటి తేలిందంటే చాలు, అదొక్కటే గిర్రున తిరుగుతుంది, బండి కదలదు. డిఫ్‌లో, అంటే చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ గేర్ల డబ్బాలో, చిక్కటి ఆయిల్ వెయ్యమంటున్నారు. దానికని అమ్మే సిలికాన్ ఆయిల్ చూస్తే చిన్న సీసాకే బోలెడు రేటు. మా వీధి మెకానిక్ దగ్గర 90 గేర్ ఆయిల్ ఉంది. పెద్ద కారు డిఫరెన్షియల్‌కి పనికొచ్చింది దీనికి పనికిరాదా? సీసాల మీద 5000, 10000 అంటూ వేసేవి అమ్ముకోవడానికి పెట్టిన అంకెల్లా ఉన్నాయి.

యారాడ కొండ:
పనికిరాదు తమ్ముడూ. పెద్ద కార్లో ఆ ఆయిల్ ఉన్నది గేరు పళ్లు అరగకుండా, వేడెక్కకుండా. మన డిఫ్‌లో దాని పని వేరు. ఒక చక్రం రెండోదానికంటే వేగంగా తిరగబోతే లోపలి గేర్లు ఆయిల్‌ని నలుపుకుంటూ తిరగాలి. ఎంత చిక్కగా ఉంటే అంత అడ్డు.
ఇక అంకెలు. 90 అన్నది ఎస్ఏఈ గ్రేడు, అంటే బండి ఆయిళ్లకి వాడే ప్రామాణిక అంకె. 100 డిగ్రీల వేడి దగ్గర ఆ ఆయిల్ చిక్కదనం 13.5, 18.5 సెంటీస్టోక్స్ మధ్య ఉండాలి. 40 డిగ్రీల దగ్గర రెండొందలకి అటూ ఇటూ. డిఫ్ సీసా మీద 5000 అంటే నేరుగా 5000 సెంటీస్టోక్స్. నువ్వు పోద్దామనుకుంటున్నది దాని ముందు నీళ్లే.

సెక్టార్ సిక్స్:
అంకెలు బానే ఉన్నాయి గానీ, నేను డిఫ్‌లో గ్రీజు కూరి నడుపుతున్నాను. ఏమీ కాలేదు. రేసుకెళ్లేవాళ్ల లెక్కలు సరదాగా తిప్పుకునేవాడికి ఎందుకు గురూ? పైగా కంపెనీకో లెక్క. ఒకడు వెయిట్ అంటాడు, ఒకడు కె (వెయ్యి) అంటాడు.

యారాడ కొండ:
గ్రీజుతో గేర్లు అరగవు, నిజమే. కానీ కాసేపటికి అది గోడలకి అతుక్కుపోయి గేర్లు ఖాళీలో తిరుగుతాయి, అడ్డు పోతుంది.
వెయిట్ గొడవ మాత్రం నిజం. షాక్ ఆయిల్‌లో (కుదుపులు ఆపే షాకబ్జార్బర్లలో పోసేది) టీమ్ అసోసియేటెడ్ వాళ్ల 30 వెయిట్ అంటే 350 సెంటీస్టోక్స్, 40 అంటే 500. ట్రాక్సస్ డిఫ్ ఆయిల్ మీదా 10కె వెయిట్ అనే ఉంటుంది, దాన్ని మాత్రం 10,000 సెంటీస్టోక్స్‌గానే లెక్కేస్తారు. కాబట్టి షాక్ ఆయిల్ 60 వెయిట్ తెచ్చి డిఫ్‌లో పోసుకోకండి. అది 800 మాత్రమే.

బీచ్ రోడ్డు:
మన మే ఎండలో ఏ ఆయిలైనా పల్చబడిపోదా? అలాంటప్పుడు సిలికాన్‌కి అంత డబ్బెందుకు?

యారాడ కొండ:
పల్చబడుతుంది. కానీ మామూలు ఆయిలంత కాదు, సిలికాన్ వాడేదే అందుకు.
గాజువాక తమ్ముడికి: ముందు, మధ్య, వెనక డిఫ్‌లు మూడింట్లోనూ ఒకేసారి ఆయిల్ మార్చకు. మొదట మధ్య డిఫ్ చూడు, ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ బలం పంచేది అదే. అది పల్చగా ఉంటే ముందు చక్రాలు తేలగానే బలమంతా అటే పోతుంది. 5000 ఉంటే తీసి 20,000 పోసుకో, వెనక చక్రాలు తోస్తాయి. ముందు డిఫ్ మరీ చిక్కగా వేస్తే గ్యాస్ వదిలి మలుపు తిప్పేటప్పుడు బండి మొరాయిస్తుంది. వెనక 3000 ఉండనీ.
ఆయిల్ డిఫ్ లోపలి చిన్న గేర్లని పట్టుకునే అడ్డ పిన్నులు మునిగేదాకా పోసి, బుడగలన్నీ పైకి వచ్చేదాకా ఆగు. చిక్కటి ఆయిల్‌లో అవి చాలా నెమ్మదిగా లేస్తాయి. అంచుదాకా నింపితే వేడికి వ్యాకోచించి ఓ-రింగ్ (రబ్బరు సీలు) పక్కనుంచి బయటికి తన్నుతుంది.

సెక్టార్ సిక్స్:
ఈ బాధంతా లేకుండా భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల మీద తిప్పుకోవచ్చుగా, గట్టి నేల.

బీచ్ రోడ్డు:
అది రక్షిత ప్రాంతం బాబూ. బండి తియ్యకండి అక్కడ.

గాజువాక బగ్గీ:
సరే అన్నా, మధ్యకి 20,000 ఒక్కటి ఆర్డర్ పెడుతున్నా. వెనక పల్చగానే ఉండాలన్నారుగా, అక్కడ 90 పోసేస్తే?

యారాడ కొండ:
పల్చన అంటే 3000, రెండొందలు కాదు. మలుపులో గ్యాస్ ఇవ్వగానే లోపలి వైపు వెనక చక్రం ఊరికే తిరుగుతుంది. అంత పల్చటిది సీళ్లలో నిలవదు కూడా. పోసి చూడు, తర్వాత రోజు కారు కింద పరిచిన పేపర్ ఫోటో ఇక్కడ పెట్టు.