పదేళ్ల పాపకి మొదటి తెలుగు పుస్తకంగా ‘బుడుగు’ ఇవ్వొచ్చా?

అటకమీది పుస్తకం: పాప తెలుగు గలగలా మాట్లాడుతుంది, చదవాలంటే మాత్రం కూడబలుక్కుంటుంది. తనంతట తనే చదువుకునేలా ‘బుడుగు’ కొనొచ్చా?

గోదారిగట్టు: కళ్లు మూసుకుని కొనండి. ముళ్లపూడి వెంకటరమణ మాట, బాపు బొమ్మ. చిన్న చిన్న అధ్యాయాలు, ఎక్కడ తెరిచినా చదువుకోవచ్చు.

వత్తులక్క: కొనండి, కానీ మీ కోసం. కథ చెప్పే గొంతు బుడుగు అనే పిల్లాడిదే, నవ్వు మాత్రం పెద్దవాళ్లది. అందులో పిల్ల పేరు సీగానపెసూనాంబ. అంటే శ్రీజ్ఞానప్రసూనాంబ, శ్రీకాళహస్తి అమ్మవారి పేరు. నోరు తిరక్క ‘జ్ఞ’ కాస్తా ‘గ’ అయింది, ‘ప్ర’ ‘పె’ అయింది. అసలు పేరు తెలిసినవాళ్లకే నవ్వొస్తుంది. తెలియని పిల్ల ఆ ఏడక్షరాలూ కూడబలుక్కుని ముందుకెళ్లిపోతుంది.

గోదారిగట్టు: వత్తులు పోయాయని మీరే అంటున్నారుగా! కొత్తగా చదివేవాళ్లకి అడ్డుపడేవి అవే. ఇంకా తేలికే అయింది.

ఇంకుమరక: ‘మొగుడు’ని ‘ముగుడు’ అని రాసిన పుస్తకం పిల్లలకా? రేపు పరీక్షలో అలాగే రాస్తే మార్కులెవరిస్తారు?

గోదారిగట్టు: ఒక్క ‘ముగుడు’ పట్టుకుని వేలాడతారేంటండీ.

ఇంకుమరక: ఒక్కటైతే అడిగేవాణ్నే కాదు.

వత్తులక్క: పరీక్ష సంగతి పక్కన పెట్టండి. ఏ పుస్తకమైనా కొనేముందు వంద మాటల ముక్క పైకి చదివించి చూడండి. ఐదు చోట్లకు మించి ఆగితే ఒంటరిగా చదవమని ఇవ్వొద్దు. ధ్యాసంతా అక్షరాల మీదే పోతే వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతారు. మనకి క్రియ చివర్లో వస్తుంది కాబట్టి అక్కడ తడబడితే ఎవరేం చేశారో కూడా అందదు.

ఈ పాపకి పాత చందమామ బేతాళ కథలు పెట్టండి. విక్రమార్కుడు చెట్టు దగ్గరికి తిరిగి రావడం, శవాన్ని దించి భుజాన వేసుకోవడం... ప్రతి కథా దాదాపు అవే మాటలతో మొదలవుతుంది. నాలుగో కథకల్లా ఆ పేరా ఆగకుండా చదివేస్తారు. ఆ ధైర్యంతో మిగతాది లాగేస్తారు.

గోదారిగట్టు: పదేళ్ల పిల్లకి శవాలూ శ్మశానాలూనా? ‘బుడుగు’లో బామ్మ ఉంది, బాబాయి ఉన్నాడు. అచ్చమైన తెలుగు ఇల్లండీ అది.

ఓరుగల్లు చదువరి: ఎవరి ఇల్లు? కోస్తా ఇల్లనుండ్రి. అందుల ‘ప్రైవేటు’ అంటే ట్యూషన్. మా పిల్లలకు ప్రైవేటంటే ప్రైవేటు బడి. పిల్ల నవ్వకపోతే తెలుగు రాదని పిల్లనే అంటరు. నామిని ‘మిట్టూరోడి కథలు’ ఇస్తే మీ పిల్లలు ఎన్ని పేజీలు చదువుతరు?

గోదారిగట్టు: అది చిత్తూరు యాస. పిల్లలకి కష్టం.

ఓరుగల్లు చదువరి: గదే నేననేది. మీది భాష, మిగిలినయన్నీ యాసలు. ఎన్నేండ్లసంది వింటున్నం ఈ మాట!

ఇంకుమరక: ‘ముగుడు’ ఏ ప్రాంతం యాసో ఎవరూ చెప్పలేదు.

గోదారిగట్టు: ‘తెలుగు ఇల్లు’ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. ‘బుడుగు’ని మాత్రం తీసుకోను. పక్కన కూర్చోబెట్టుకుని రోజుకో పది నిమిషాలు మీరు పైకి చదవండి, పాప బొమ్మ చూస్తూ వింటుంది. అసలు పేరు ముందు చెప్పి, బుడుగు ఎలా పలికాడో తర్వాత చదవండి. మర్నాడు అదే ముక్క పాప చేత చదివించండి.

వత్తులక్క: అలాగైతే నాకూ అభ్యంతరం లేదు. కానీ వాళ్లడిగింది తనంతట తనే చదువుకునే పుస్తకం కదండీ.

అటకమీది పుస్తకం: రెండూ తెస్తాను. ముందు వంద మాటల పరీక్ష పెడతా. ఇంట్లో పెద్దాడికి పదమూడు, బాగానే చదువుతాడు. వాడికేం కొనను?

గోదారిగట్టు: ‘బారిష్టరు పార్వతీశం’ మొదటి భాగం. మొగల్తూరు నుంచి ఇంగ్లండు ప్రయాణం.

ఓరుగల్లు చదువరి: అది మంచిగనే ఉంటది. పదహారు దాటినంక దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ గూడ ఇయ్యుండ్రి. నిజాం కాలపు తెలంగాణ పల్లె, దొర గడి. అండ్ల గడిల దాసీలుగ బతికే ఆడబాపల బతుకుంటది, అందుకే ఇప్పుడే వద్దంటున్న. మీరు మాత్రం ఇయ్యాల్నే మొదలుపెట్టుండ్రి.