సమస్యాపూరణం: విషము పూసికొనియె వెలది మురిసి

కోనేటిగట్టు (నిర్వాహకుడు)

నిన్న గోవిందరాజస్వామి గుడి దగ్గర జవ్వాది కొంటూ ఉంటే ఈ పాదం తట్టింది. ఇల్లు చేరేదాకా ఆగలేక బస్సులోనే రాసుకున్నాను.

*విషము పూసికొనియె వెలది మురిసి*

ఎప్పటిలాగే ఇది చివరి పాదం, పై మూడు పాదాలు మీరు రాయాలి. ఈసారి ఒక షరతు ఉంది. ఇన్నేళ్లలో మీరు పూసుకున్న అత్తర్లు, సెంట్లు, పౌడర్లు ఏవి, ఏ వాసనకు ఎవరు గుర్తొస్తారు, అది కూడా పూరణ కింద రాయాలి. నాతోనే మొదలుపెడతాను. చిన్నప్పుడు మా నాయనమ్మ వెండి భరిణలోని జవ్వాది, చెవి వెనక ఆవగింజంత. కాలేజీలో పాండ్స్ పౌడర్. పెళ్లయిన కొత్తలో మైసూర్ శాండల్ సబ్బు, అది మా మామగారి ఇంటి వాసన. ఇప్పుడు మళ్లీ జవ్వాదే.

పలమనేరు మాస్టారు

కంసు నాజ్ఞ మీఱగా లేక పూతన
చిన్ని కృష్ణుఁ జంపఁ జేరవచ్చి
చనుల కొనల యందుఁ జల్లని నవ్వుతో
విషము పూసికొనియె వెలది మురిసి

నాకు సెంటు అలవాటు లేదు. జీవితం మొత్తానికి ఒక్కటే, కన్నౌజ్ మట్టి అత్తరు. మదనపల్లెలో పనిచేసేటప్పుడు మా స్కూలు ఉర్దూ అయ్యవారు చిన్న సీసా ఇచ్చారు. కాల్చిన మట్టిని రాగి పాత్రలో నీళ్లతో మరిగించి, ఆ ఆవిరిని గంధపు నూనెలోకి పట్టిస్తారని ఆయనే చెప్పారు. ఏప్రిల్ ఎండలో మూత తీస్తే తొలకరి పడ్డ దుక్కి వాసన వచ్చేది. మా నాయన మడక పట్టుకుని నడుస్తున్నట్టే ఉండేది. సీసా అయిపోయాక మళ్లీ కొనలేదు.

కుప్పం చిన్నోడు

మాస్టారూ, 'చల్లని నవ్వుతో' దగ్గర ఒళ్లు జలదరించింది. విషం పక్కన చల్లదనం పెట్టడం మీకే చెల్లింది. ఇదిగో నాది.

కాళహస్తి రేని కంఠంబుఁ గౌగిటఁ
జేర్చినంత నలుపు చెంప నంటె
అత్తరనుచు నెంచి యద్దానఁ జూచుచు
విషము పూసికొనియె వెలది మురిసి

బెంగళూరులో మొదటి జీతానికి ఒక డియోడరెంట్ కొన్నాను. ఇప్పటికీ ఆ వాసన తగిలితే తెల్లవారుజాము రైలు, కిటికీ పక్క సీటు, టిఫిన్ డబ్బా గుర్తొస్తాయి. ఆ తర్వాత కొన్నవాటిలో ఏదీ మనసుకు పట్టలేదు.

అలిపిరిమెట్లు

తమ్ముడూ, అమ్మవారు అద్దంలో చూసుకోవడం ఎంత ముద్దుగా ఉందో! కానీ హాలాహలం ఉన్నది గొంతు లోపల కదా, చెంపకు ఎలా అంటుతుంది? 'నలుపు అంటె' అని నువ్వే అన్నావు, మరి నాలుగో పాదంలో విషం ఎక్కడిది? ఆ ఒక్క ముడి విప్పు.

మాస్టారి పద్యంలో వేలు పెట్టే చోటు లేదు. అయితే ఈ పాదం వినగానే ఎవరికైనా మొదట తట్టేది పూతనే. మాస్టారి దగ్గర నేను ఇంకా ఎక్కువ ఆశిస్తాను.

నా వాసన పునుగు. మా తాత శుక్రవారం అభిషేకానికి కొండకు వెళ్తూ నన్ను తీసుకెళ్లేవాడు. అభిషేకం అయ్యాక స్వామికి పునుగు తైలం పూస్తారని చెప్పేవాడు. ముద్దగా ఉన్నప్పుడు అది ముక్కు మూసుకోవాల్సిన వాసన. పలుచగా కలిస్తేనే పరిమళం. ఏ సెంటు కొన్నా నా చేయి అడుగున ఆ బరువైన వాసన ఉన్నదానివైపే పోతుంది. అది లేని సెంటు నాకు ఉప్పు లేని పప్పే.

పలమనేరు మాస్టారు

మొదట తట్టినదాన్ని బాగా చెప్పడమూ పనే. మీరు ఇంకా పూరణ ఇవ్వలేదు.

అలిపిరిమెట్లు

ఇస్తాను. వాసనల మాట వచ్చింది కాబట్టి ఉగాది పూరణ గుర్తు చేస్తున్నాను. అందులో శేషాచలం ఎర్రచందనం ఘుమఘుమలాడిందని రాశారు మాస్టారు. ఎర్రచందనం చేవకు చెప్పుకోదగ్గ వాసన ఉండదు, దాని గొప్పంతా రంగులో ఉంది. అది చిక్కుడు జాతి చెట్టు. గుమాయించేది శ్రీగంధం, దాని కుటుంబమే వేరు. ఈ కొండల కింద పుట్టిన మనమే ఆ రెండూ కలిపేస్తే బయటివాళ్లకు ఎవరు చెప్తారు?

పలమనేరు మాస్టారు

ఆ పాదం ఆ రోజే మార్చాను, మీకు కృతజ్ఞత కూడా చెప్పాను. మార్చిన పాదం కూడా గుర్తు పెట్టుకుంటే సంతోషిస్తాను.

స్వర్ణముఖి

అన్న తెచ్చె సెంటు నందాల బుడ్డిలో
పేరు తెలిసి యమ్మ బెదిరిపోయె
భయము లేదటంచు భుజముపై నొక చుక్క
విషము పూసికొనియె వెలది మురిసి

ఈ విషం నిజంగా ఉంది. డియోర్ వాళ్లు 1985లో తెచ్చిన సెంటు పేరే 'పాయిజన్'. 1990 వేసవిలో మా అన్న కువైట్ నుంచి సెలవుకు వస్తూ తెచ్చాడు. ఆపిల్ పండు ఆకారంలో ముదురు వంకాయరంగు గాజు సీసా. పేరుకు అర్థం చెప్పగానే మా అమ్మ నా చేతిలోంచి లాక్కుని అటక మీద పెట్టేసింది. అన్న నవ్వుతూ దించి మూత తీశాడు. ముందు మగ్గిన పండు వాసన, ఆ వెనకే లిల్లీపూల దండ వాసన. చిన్న గదిలో ఒక చుక్క పడితే సాయంత్రం దాకా ఉండేది.

ఆ తర్వాత నేను చార్లీ వాడాను, కొలోన్ వాడాను. వాటి గురించి చెప్పడానికి ఏమీ లేదు.

కుప్పం చిన్నోడు

అక్కా! సమస్యలోని 'విషము'ను అలాగే ఉంచి పేరుగా మార్చేశావు. నా ముడి విప్పే పని ఇక పెట్టుకోను.

పలమనేరు మాస్టారు

ఎత్తుగడ అద్భుతం. నేను వందసార్లు చదివినా ఆ దారి దొరికేది కాదు. కానీ మూడో పాదం చూడమ్మా. యతిలో, అంటే పాదం మొదటి అక్షరంతో మధ్యలో పొత్తు కుదరాల్సిన చోట, 'భ'కు 'భు' ఎలా చెల్లుతుంది? హల్లు కుదిరినా అచ్చు కుదరలేదు. ఇలా మార్చుకో:

*భయము లేదటంచుఁ బైటకొంగునఁ జల్లి*

అలిపిరిమెట్లు

యతి విషయంలో మాస్టారి మాటే నాదీ. ఈసారి సవరణ కూడా బాగుంది.

స్వర్ణముఖి

తప్పు ఒప్పుకుంటున్నాను మాస్టారూ. కానీ పైటకొంగు పెట్టలేను. అక్కడ భుజమే ఉండాలి.

పలమనేరు మాస్టారు

ఆడపిల్ల సెంటు పైటకొంగుకు రాసుకోదా? భుజం మీద అంత పట్టుదల ఎందుకు?

స్వర్ణముఖి

పద్యంలోని వెలది నేను కాదు, మా అమ్మ. నేను సరిగ్గా చెప్పలేకపోయాను.

జూలైలో అన్న తిరిగి వెళ్తున్న రోజు. రేణిగుంట స్టేషన్‌కు బయలుదేరే ముందు, వద్దు వద్దన్న ఆ సీసానే తీసి, వేలితో అద్దుకుని, చీర మీద ఎడమ భుజం దగ్గర రాసుకుంది. వెళ్లే ముందు అన్న తల వాల్చేది అక్కడే. రాత్రి కూర్చుని మళ్లీ రాశాను.

అన్న తెచ్చె సెంటు నందాల బుడ్డిలో
పేరు తెలిసి యమ్మ బెదిరిపోయె
పోవు కొడుకు తలను బొదువు భుజముపైన
విషము పూసికొనియె వెలది మురిసి

కుప్పం చిన్నోడు

అక్కా, మూడో పాదం నాలుగుసార్లు చదివాను. మా అమ్మకు ఫోన్ చేసి వినిపించాను.

అలిపిరిమెట్లు

'పో'కు 'బొ' చక్కగా పడింది. ఒక్క సందేహం, మనసులో పెట్టుకోలేక అడుగుతున్నాను. కొడుకు దేశం దాటి పోతుంటే తల్లి మురుస్తుందా? 'మురిసి' అన్న మాటకు మూడు పాదాల్లోనూ ఆధారం లేదు.

స్వర్ణముఖి

అద్దం ముందు నిలబడి రాసుకునేటప్పుడు మురిసింది, నేను పక్కనే ఉన్నాను. ప్లాట్‌ఫారం మీద అన్న తల వాల్చి, "అమ్మా, నీ దగ్గర నా సెంటు వాసన వస్తోందే" అన్నాడు. ఆ మాట కోసమే రాసుకుంది. ఏడ్చింది రైలు కదిలాక.

ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. ఉత్తరాలు ఆగిపోయాయి. అమ్మ ఆ చీర ఉతకలేదు. ఒంటి వేడికి సెంటు తొందరగా ఎగిరిపోతుంది, గుడ్డకు అంటుకుంటే చాలా రోజులు ఉంటుంది. రోజూ దీపం పెట్టాక బీరువా తెరిచి ఆ భుజం మడత ముక్కు దగ్గర పెట్టుకునేది. జోర్డాన్‌లోని అమ్మాన్ మీదుగా లక్షన్నర మందికి పైగా మనవాళ్లను విమానాల్లో తీసుకొచ్చారు కదా, వాళ్లలో మా అన్న కూడా ఉన్నాడు. అక్టోబరులో చేతిసంచి ఒక్కదానితో ఇల్లు చేరాడు. ఆ మర్నాడు చీర నానబెట్టింది.

అలిపిరిమెట్లు

నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను అక్కా. ఈ పాదానికి నేను పూరణ రాయను. ఇది చాలు.

పలమనేరు మాస్టారు

'తలను' తర్వాత 'పొదువు' కాస్తా 'బొదువు' అయింది, సరళం కూడా తప్పలేదు. నా పైటకొంగు తీసేయండి. పద్యం నోట్‌బుక్‌లో ఎత్తి రాసుకున్నాను తల్లీ, మట్టి అత్తరు గురించి రాసుకున్న పేజీ పక్కన.

కోనేటిగట్టు (నిర్వాహకుడు)

ఆ సీసా ఇంకా ఉందా అక్కా?

స్వర్ణముఖి

ఉంది. అడుగున గోధుమరంగులో కొంచెం మిగిలింది. మూత బిగుసుకుపోయింది, నా చేతికి రావడం లేదు. అన్న వచ్చే నెల వస్తాడు, తీయిస్తాను.