శుద్ధ శాకాహారిని, 53 కేజీలు. ఒళ్లు రావాలంటే ఏం తినాలి, ఎలా బరువులెత్తాలి?

ప్రశ్న (రాజమండ్రి, ప్రస్తుతం హైదరాబాద్)

అందరికీ నమస్కారం. నా వయసు 24, ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు, బరువు 53 కేజీలు. మా ఇంట్లో అందరం శాకాహారులం, గుడ్డు కూడా ముట్టం. ఉద్యోగం కోసం వచ్చి రెండేళ్లుగా అమీర్‌పేటలో హాస్టల్‌లో ఉంటున్నాను.

జిమ్‌లో చేరి ఎనిమిది నెలలైంది. వారానికి ఆరు రోజులు వెళ్తాను. సోమవారం ఛాతీ, మంగళవారం బైసెప్స్, బుధవారం వీపు, ఇలా ట్రైనర్ చెప్పిన వరసలోనే చేస్తున్నాను. చేరినప్పుడు 52 ఉన్నాను, ఇప్పుడు 53. "చికెన్ తినకపోతే కండ రాదు బ్రదర్" అంటాడు ట్రైనర్. మధ్యలో నాలుగు వేలు పెట్టి మాస్ గెయినర్ అనే బరువు పెంచే పొడి డబ్బా కొన్నాను. రెండు కేజీలు పెరిగాను కానీ అంతా పొట్టే. కడుపు కూడా పాడైంది. ఆపేసిన పదిహేను రోజుల్లో ఆ రెండు కేజీలూ పోయాయి.

నేను తక్కువేమీ తినను. పొద్దున నాలుగు ఇడ్లీ, మధ్యాహ్నం కడుపు నిండా అన్నం, పప్పు లేదా సాంబారు, కూర, పెరుగు. సాయంత్రం టీ, రాత్రి మూడు చపాతీలు. చేతులు కనపడకూడదని మే నెలలో కూడా ఫుల్ హ్యాండ్స్ చొక్కాలే వేసుకుంటున్నాను. మాంసం లేకుండా నిజంగా కండ పెరుగుతుందా? పెంచినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

జవాబు (విజయనగరం)

తమ్ముడూ, పెరుగుతుంది. 27 ఏళ్ల వయసులో నా బరువు 51 కేజీలు. ఇప్పుడు 38 ఏళ్లు, 66 కేజీలు. గుడ్డు, మాంసం ఇప్పటికీ తినను. పాలు, పెరుగు, నెయ్యి తింటాను. ఫుల్ హ్యాండ్స్ చొక్కా సంగతి రాశావు చూడు, అందుకే ఇంత పొడుగు జవాబు రాయాలనిపించింది. నేనూ ఐదేళ్లు అలాగే తిరిగాను.

"నేను తక్కువేమీ తినను" అన్నావు కదా, చిక్కంతా ఆ మాటలోనే ఉంది. నేనూ అదే అనేవాడిని. ఒకరోజు బంగారు కొట్లో పనిచేసే మా బావ ఒక చిన్న డిజిటల్ కాటా తెచ్చిచ్చాడు. మా అమ్మ నలుగురికి పప్పు వండటానికి డబ్బాలోంచి తీసిన కందిపప్పును దాని మీద పెడితే 110 గ్రాములు వచ్చింది. అంటే నా వంతుకు పచ్చిపప్పు 27 గ్రాములు. కందిపప్పులో నూటికి 22 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటుంది, కాబట్టి నాకు దక్కింది ఆరు గ్రాములు! గిన్నె నిండా కనిపించేది నీళ్లు, దోసకాయ ముక్కలే. ఇంట్లో చిక్కగా వండిన పప్పు సంగతే ఇది. మీ హాస్టల్ సాంబారులో ఎంతుంటుందో నువ్వే ఆలోచించు.

నీ రోజు లెక్క వేశాను. ఇడ్లీలు 8, అన్నం 11, పప్పూ కూరా కలిపి 7, పెరుగు 3, టీ 2, చపాతీలు రాత్రి కూరతో 12. మొత్తం 43 గ్రాముల దగ్గర ఆగింది. మామూలు మనిషికి కేజీ బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. ఆ ప్రకారం నీకు 44 కావాలి, దాదాపు సరిపోతోంది, అందుకే జబ్బు పడకుండా తిరుగుతున్నావు. బరువులెత్తి కండ పెంచాలనుకునేవాడికి మాత్రం కేజీకి 1.6 గ్రాములు లక్ష్యంగా పెట్టుకోవాలి. నీకు 85 అవుతుంది. క్యాలరీలు కూడా అంతే, నువ్వు తినేది 1700 దాటుతుందని నాకు అనిపించడం లేదు. నీ ఎత్తుకి, జిమ్‌కి కలిపి 2500 పైన పడాలి.

హాస్టల్ మెస్‌ని నువ్వు మార్చలేవు. దాన్ని అలాగే ఉంచి, పైన ఇవి చేర్చు. ఫుల్ క్రీమ్ పాలు అర లీటరు, పొద్దున సగం, రాత్రి సగం: 17 గ్రాములు. వేయించిన పల్లీలు 50 గ్రాములు: 12. పుట్నాలు 50 గ్రాములు: 10. మీల్ మేకర్ 40 గ్రాములు, ఎండువి తూచినప్పుడు: 20. అన్నీ కలిపితే 59 గ్రాముల ప్రోటీన్, వెయ్యి క్యాలరీల పైన. మీల్ మేకర్‌కి స్టవ్ అక్కర్లేదు. ఎలక్ట్రిక్ కెటిల్‌లో మరిగించిన నీళ్లు పోసి పది నిమిషాలు మూత పెట్టు. గట్టిగా పిండి, మళ్లీ చన్నీళ్లలో కడిగి పిండితే ఆ పచ్చి వాసన పోతుంది. తర్వాత మెస్ కూరలో కలుపుకో. నేను కందిపొడి, నెయ్యి వేసి అన్నంలో కలుపుకుని తినేవాడిని.

అన్నీ ఒకే రోజు మొదలెట్టకు, గ్యాస్ పట్టి మూడో రోజే మానేస్తావు. మొదటి వారం పాలు, పల్లీలు. రెండో వారం పుట్నాలు. మూడో వారం మీల్ మేకర్, అదీ 20 గ్రాములతో. ఇంటికెళ్లినప్పుడు అమ్మ చేత సున్నుండలు చేయించుకుని డబ్బా తెచ్చుకో. మినప్పప్పు, బెల్లం, నెయ్యి. నువ్వు కొన్న డబ్బా వెనక అట్ట చదివితే అందులో ఎక్కువ భాగం మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండిపదార్థం అని తెలుస్తుంది. నాలుగు వేలతో ఎన్ని పల్లీలు, ఎంత మినప్పప్పు వస్తాయో చూడు.

పప్పులో ప్రోటీన్ "పూర్తి" కాదని కూడా ఎవరో ఒకరు అంటారు. ప్రోటీన్ అమైనో ఆమ్లాలు అనే చిన్న ముక్కలతో తయారవుతుంది. వాటిలో లైసిన్ అనేది బియ్యంలో తక్కువ, మెథియొనిన్ అనేది పప్పులో తక్కువ. ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. పప్పన్నం, ఇడ్లీ, పెరుగన్నం తినేవాడికి ఆ బెంగ అక్కర్లేదు, కొలత ఒక్కటే చూసుకోవాలి.

ఇక జిమ్. మాకు దగ్గర్లోనే నెల్లిమర్ల మండలంలో కొండవెలగాడ అనే ఊరుంది, వెయిట్‌లిఫ్టర్ల ఊరని పేరు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కేజీలెత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిది కూడా పక్కనే శ్రీకాకుళం జిల్లా. కొండవెలగాడ కుర్రాడొకడు నాతో పాటు పనిచేసేవాడు. నా బైసెప్స్ కసరత్తులు చూసి, "కాళ్లు, వీపు కదలకుండా ఒంటికి బరువెక్కడి నుంచి వస్తుంది?" అన్నాడు. ఖాళీ బార్ 20 కేజీలు భుజాల మీద పెట్టించి స్క్వాట్, అంటే బరువుతో కూర్చుని లేవడం, నేర్పించాడు.

ఆరు రోజులు వద్దు. సోమ, బుధ, శుక్రవారాలు చాలు. ఒకరోజు స్క్వాట్, బెంచ్ ప్రెస్ (బల్ల మీద పడుకుని బార్‌ని పైకి నెట్టడం), రోయింగ్ (ముందుకు వంగి బార్‌ని పొట్ట వైపు లాగడం). మరుసటి సారి స్క్వాట్, ఓవర్‌హెడ్ ప్రెస్ (నిలబడి బార్‌ని తల పైకి ఎత్తడం), డెడ్‌లిఫ్ట్ (నేల మీది బార్‌ని పట్టుకుని నిటారుగా లేవడం). ఒక్కోటి మూడు సెట్లు, సెట్‌కి ఐదు నుంచి ఎనిమిది సార్లు. సెట్‌కీ సెట్‌కీ మధ్య రెండు మూడు నిమిషాలు ఆగు. అన్ని సెట్లూ శుభ్రంగా పూర్తయితే తర్వాతి సారి రెండున్నర కేజీలు కలుపు, కాకపోతే అదే బరువు. చిన్న నోటుబుక్కైనా సరే, ఒకటి కొని ప్రతి సెట్ రాయి. ఎనిమిది నెలల క్రితం ఎత్తిన బరువే ఇవాళా ఎత్తుతుంటే కండ పెరగాల్సిన అవసరం ఒంటికి కనపడదు.

నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. తొమ్మిదో నెలలో డెడ్‌లిఫ్ట్ 90కి తీసుకెళ్లాలని పంతం పట్టాను. నడుం వంగిపోతోందని తెలిసీ ఎత్తాను. ఆరు వారాలు మంచం, బెల్టు. మా అమ్మ నా చెప్పులు తొడిగింది. నడుం గుండ్రంగా వంగుతుంటే ఆ బరువు నీది కాదు, కిందపెట్టేయ్.

మొదటి ఏడాది చివరికి 57 అయ్యాను, రెండో ఏడాదికి 61. వారానికి పావు కేజీ పెరిగితే సంతోషించు. అంతకంటే చాలా వేగంగా పెరిగితే అది పొట్టే.

జవాబు (విజయవాడ)

ఇంత లెక్కలెందుకండీ? రోజుకి నాలుగు గుడ్లు తినేస్తే సరిపోతుంది. ఈ రోజుల్లో గుడ్డుని ఎవరూ మాంసాహారం అనుకోవడం లేదు.

జవాబు (విజయనగరం)

గుడ్డు మంచి ఆహారమే, తినేవాళ్లకి చాలా సులువు కూడా. ఒక్కో దాంట్లో ఆరు గ్రాములు. కానీ ఆ అబ్బాయి తిననని మొదటి వరసలోనే రాశాడు. మనసొప్పని తిండి నాలుగు రోజులు కూడా సాగదు. ఈ పని ఏళ్లు సాగాలి.

జవాబు (కరీంనగర్)

తమ్ముడూ, నేను స్కూల్ టీచర్‌ని. ఇద్దరు పిల్లల తల్లిని. మూడేళ్ల కిందట నా బరువు 42 కేజీలు, ఇప్పుడు 49. పైన అన్న చెప్పిన తిండి లెక్క నూటికి నూరుపాళ్లు నిజం. దానికి ఒక మాట కలుపుతాను: ముందు రక్తపరీక్ష చేయించుకో.

నేను ఎంత తిన్నా నీరసంగానే ఉండేది. మెట్లెక్కితే కాళ్లు వణికేవి, అరికాళ్లలో సూదులు గుచ్చినట్టుండేది. ఇంట్లో అందరూ "టెన్షన్ తగ్గించుకో" అన్నారు. నేనూ రెండేళ్లు అదే అనుకున్న. చివరికి డాక్టరమ్మ రాసిచ్చిన పరీక్షలో బి12 బాగా తక్కువని తేలింది, విటమిన్ డి కూడా. బి12 మొక్కల నుంచి రాదు. మనలాంటివాళ్లకి పాలు, పెరుగే దిక్కు, అవి కూడా నేను టీలో కలిపినంతే తాగేదాన్ని. ఇంజెక్షన్లు, తర్వాత మాత్రలు వాడిన. రెండు నెలలకి ఒళ్లు తేలికపడ్డది. బి12, డి, హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, ఇవి చూపించుకో. కారణం లేకుండా బరువు తగ్గుతుంటే మాత్రం జిమ్ కంటే ముందు డాక్టర్ దగ్గరికే పోవాలి.

ఇంకొకటి, అన్నం తినగానే టీ తాగకు. పప్పులో, ఆకుకూరలో ఉన్న ఇనుము ఒంటికి పట్టనివ్వదు. గంట ఆగి తాగు. పప్పులో నిమ్మకాయ పిండుకుంటే ఆ ఇనుము బాగా పడుతుంది.

చెల్లెళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే మీకు కూడా చెప్తున్న. బరువులెత్తితే మగవాళ్లలా అయిపోతారని మా అత్తమ్మ భయపడ్డది. నేను ఇంట్లో ఐదు కేజీల డంబెల్స్‌తో మొదలుపెట్టిన. ఇప్పుడు పాతిక కేజీల బియ్యం బస్తా ఆటోలోంచి నేనే దింపి వంటింట్లో పెడతాను. ఇప్పుడు అత్తమ్మే పొద్దున పల్లీలు వేయించి నా డబ్బాలో పోస్తది.

ప్రశ్న అడిగిన వ్యక్తి

అన్నయ్యా, అక్కా, ఇంత ఓపికగా రాసినందుకు ఏం చెప్పాలో తెలియడం లేదు. రెండుసార్లు చదివాను. కాటా ఆర్డర్ పెట్టాను, ఆదివారం రక్తపరీక్షకి వెళ్తున్నాను. ఒక్క సందేహం. జిమ్‌లో అందరూ క్రియాటిన్ అనే పొడి వేసుకోమంటున్నారు. అది స్టెరాయిడేనా? అమ్మకి తెలిస్తే కంగారు పడుతుంది.

జవాబు (విజయనగరం)

స్టెరాయిడ్ కాదు. క్రియాటిన్ మన ఒంట్లోనే కొంత తయారవుతుంది, మిగతాది మాంసం, చేపల నుంచి వస్తుంది. అందుకే శాకాహారుల కండల్లో నిల్వ తక్కువ, వేసుకున్నప్పుడు తేడా మనకి బాగానే తెలుస్తుంది. మోనోహైడ్రేట్ అని రాసి ఉన్నది, రోజుకి 3 నుంచి 5 గ్రాములు, నీళ్లలో కలుపుకుని ఏ పూటైనా తాగొచ్చు. మొదటి వారాల్లో కేజీ దాకా బరువు పెరగొచ్చు. అది కండలోకి చేరిన నీరు, కండే పెరిగిందనుకోకు. కిడ్నీ సమస్య ఉంటే డాక్టర్‌ని అడగకుండా ముట్టకూడదు.

అయితే ఇప్పుడే వద్దు. ముందు మూడు నెలలు తిండి, నోటుబుక్కు, ఏడెనిమిది గంటల నిద్ర. అవి కుదిరాక చూద్దాం. ప్రోటీన్ పొడి కూడా అంతే. వే ప్రోటీన్ పాల నుంచి వచ్చేదే, అమ్మకి ఆ మాట చెప్పు. మీల్ మేకర్ పడకపోతే దాని బదులు ఒక స్కూప్ వాడుకోవచ్చు.

ప్రశ్న అడిగిన వ్యక్తి, పదకొండు వారాల తర్వాత

ఇవాళ పొద్దున పరగడుపున బరువు 55.8. స్క్వాట్ ఖాళీ బార్‌తో మొదలుపెట్టి 50 కేజీలకి వచ్చాను, డెడ్‌లిఫ్ట్ 60. బి12 తక్కువే ఉంది అక్కా, డాక్టర్ మాత్రలు రాశారు. మీల్ మేకర్ మొదటి పది రోజులు చాలా ఇబ్బంది పెట్టింది. 20 గ్రాములకి తగ్గించి, మళ్లీ మెల్లగా 40కి వచ్చాను. హాస్టల్‌లో నా పక్క మంచం అబ్బాయి కూడా ఇప్పుడు నాతో పుట్నాలు తింటున్నాడు. అతనిది కూడా 50 కేజీలే.

ఇంకో ప్రశ్న. వచ్చే వారం కార్తీకం మొదలవుతోంది. చిన్నప్పటి నుంచి కార్తీక సోమవారాలు అమ్మతో పాటు నేనూ ఉపవాసం ఉంటాను. సాయంత్రం నక్షత్రం చూశాకే భోజనం. ఆ నెల నేను పెంచుకున్నది పోతుందా?

జవాబు (విజయనగరం)

ఒక్క పూట తిననంత మాత్రాన కండ పోదు తమ్ముడూ. నేనూ ఉంటాను. ఆ నెల జిమ్ మంగళ, గురు, శనివారాలకి మార్చుకో, సోమవారం పూర్తిగా విశ్రాంతి. పగలు పాలు, పళ్లు తీసుకునే పద్ధతి మీ ఇంట్లో ఉంటే పాలు మానకు. ఆదివారం రాత్రి పెరుగన్నం కాస్త ఎక్కువ తిను. సోమవారం నక్షత్రం చూశాక ఒకేసారి కడుపు నింపకు. ముందు గ్లాసు పాలు, ఒక సున్నుండ. అరగంట ఆగి చిక్కటి పప్పు, నెయ్యి వేసుకుని అన్నం. మంగళవారం బార్ మీద కొత్తగా బరువు కలపకుండా పోయినసారి ఎత్తిందే ఎత్తు. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.