డమ్మీ మాత్ర పడే అవకాశమున్న ట్రయల్‌లో నాన్నను చేర్పించవచ్చా?

గాజువాక_అమ్మాయి | శనివారం రాత్రి 9:40

నాన్నకు 67 ఏళ్లు. పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) అని తేలి ఐదేళ్లయింది. దానికి వాడే సిండోపా మాత్ర రోజుకు నాలుగుసార్లు వేసుకుంటారు. మొదట్లో ఒక మాత్రకు ఐదారు గంటలు బాగుండేవారు. ఇప్పుడు మూడు గంటలు దాటితే కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు గుమ్మంలోనే ఆగిపోతున్నారు.

మొన్న చెకప్‌కి వెళ్తే డాక్టరుగారు ఒక ట్రయల్ సంగతి చెప్పారు. వేరే జబ్బుకు ఇప్పటికే వాడుతున్న మందట. అది పార్కిన్సన్స్ ముదరకుండా నెమ్మది చేస్తుందేమో చూస్తారట. ఏడాదిన్నర పాటు సగంమందికి అసలు మందు, సగంమందికి అచ్చం అలాగే కనిపించే డమ్మీ ఇస్తారు. ఎవరికి ఏది పడిందో డాక్టరుకి కూడా తెలియదట.

బెంగళూరులో ఉన్న అన్నయ్య చేర్పించేద్దాం అంటున్నాడు. నాకు మాత్రం మింగుడు పడటం లేదు. జబ్బు మనిషి చేతిలో పిండి మాత్ర పెట్టి ఏడాదిన్నర చూస్తూ కూర్చోవడం న్యాయమేనా? ఆసుపత్రి పేరు అడగకండి ప్లీజ్.

కంచరపాలెం_కుర్రాడు | శనివారం రాత్రి 10:15

వద్దక్కా. టెస్టులు ఫ్రీ, మందులు ఫ్రీ అంటారు. ఊరికే ఎవరిస్తారు?

మన ఉమ్మడి రాష్ట్రంలో జరిగిందే చూడండి. 2009లో ఖమ్మం జిల్లాలో పద్నాలుగేళ్ల లోపు ఆడపిల్లలకు గర్భాశయ ముఖ క్యాన్సర్ టీకా మీద అధ్యయనం అని వేలమందికి సూదులేశారు. చాలామంది గిరిజన పిల్లలు, హాస్టల్లో ఉండేవాళ్లు. తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. గొడవై 2010లో ఆపేశారు. చనిపోయిన పిల్లల విషయంలో టీకాకు సంబంధం లేదనే విచారణ కమిటీ చెప్పింది, ఆ మాట ఒప్పుకుంటాను. మరి సంతకాల సంగతి? పేదోడి ఒంటి మీదే ప్రయోగాలన్నీ.

మాత్రల_డబ్బా | శనివారం రాత్రి 11:30

ఆరేళ్లు ఇలాంటి ట్రయల్స్ నడిపే చోట స్టడీ కోఆర్డినేటర్‌గా చేశాను, ఇప్పుడు మానేశాను. కాబట్టి ఎవరి తరఫునా మాట్లాడటం లేదు.

అమ్మా, ముందు ఒక్కటి తెలుసుకోండి. సిండోపా మాన్పించి డమ్మీ ఇవ్వరు. నాన్నగారి మాత్రలన్నీ మామూలుగానే నడుస్తాయి, వాటి పైన అదనంగా ఇది వేస్తారు. మీకు చెప్పినవాళ్లు ఈ ముక్క చెప్పకపోతే అది వాళ్ల తప్పు.

ఇక డమ్మీ ఎందుకంటే, పార్కిన్సన్స్‌లో మనసు చేసే మాయ అంతా ఇంతా కాదు. 2001లో వాంకూవర్ పరిశోధకులు రోగులకు ఉత్తుత్తి మందు ఇచ్చి మెదడు స్కాన్ తీశారు. మందు పడిందన్న ఆశకే లోపల డోపమైన్ విడుదలైంది. డోపమైన్ అంటే మెదడులో కదలికలను నడిపించే రసాయనం, ఈ జబ్బులో తగ్గిపోయేది అదే. అంటే వాళ్లకు బాగున్నట్టు అనిపించడం అబద్ధం కాదు. అలాగని మందు పనిచేసిందనీ కాదు.

ఎక్సెనటైడ్ అని షుగర్ ఇంజెక్షన్ ఉంది. 2017లో 62 మంది మీద చిన్న ట్రయల్ చేస్తే, డమ్మీ పడినవాళ్ల కంటే అది పడినవాళ్లు మెరుగ్గా ఉన్నారు. ఎంత సంబరమో అప్పుడు! తర్వాత 194 మందితో, 96 వారాల పాటు పెద్ద ట్రయల్ చేశారు. 2025లో ఫలితం వచ్చింది. డమ్మీకీ దానికీ తేడా లేదు. ఆ రెండోది చేయకపోయి ఉంటే ఈపాటికి మన ఊళ్లో ఎంతమంది పింఛను డబ్బులు ఆ ఇంజెక్షన్లకు పోసేవారో లెక్కేసుకోండి. ఆ జాతిదే ఇంకో మందు, లిక్సిసెనటైడ్, 2024లో కొంచెం ఫలితం చూపించింది. కానీ వేసుకున్నవాళ్లలో దాదాపు సగం మందికి వికారం. ఈ జబ్బును నెమ్మది చేస్తుందని రుజువైన మందు ఇప్పటికి ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ లక్షణాలను తగ్గించేవే.

తమ్ముడూ, ఖమ్మం సంగతి నిజమే. అలాంటివి జరిగాకే రూల్స్ బిగించారు. 2019 రూల్స్ ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి. మొదటి మనిషిని చేర్చుకునే ముందే ట్రయల్‌ను సీటీఆర్ఐలో, అంటే దేశంలోని ట్రయల్స్ వివరాలు పెట్టే ప్రభుత్వ రిజిస్టర్‌లో, నమోదు చేయాలి. ఆ నంబర్ అడిగి మీరే వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. నంబర్ చెప్పడానికి నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి.

కంచరపాలెం_కుర్రాడు | ఆదివారం ఉదయం 7:05

మాత్ర అయితే సరే సార్. అమెరికాలో పార్కిన్సన్స్ వాళ్లకు కొత్త కణాలు ఎక్కిస్తామని 40 మందిని తీసుకుని, అందులో సగంమందికి ఊరికే పుర్రెకు చిల్లులు పెట్టి కుట్టేశారు. కణాలు లేవు, ఏమీ లేవు. దీన్నేమంటారు?

మాత్రల_డబ్బా | ఆదివారం ఉదయం 8:20

చదివే వచ్చావన్నమాట. అది 2001లో ప్రచురించారు. చిల్లు పుర్రె వరకే, మెదడు పొర తాకలేదు. అయినా నాకూ అది జీర్ణం కాదు, నేనైతే మా నాన్నకు ఒప్పుకోను.

కానీ మిగతా సగం కథ కూడా చెప్పు. అసలు కణాలు ఎక్కించుకున్నవాళ్లలో 15 శాతం మందికి తర్వాత ఒళ్లు మెలికలు తిరిగిపోయే కదలికలు మొదలయ్యాయి. మందులు తగ్గించినా ఆగలేదు. అంటే ఆ మేరకు కణాలు పడనివాళ్లే తప్పించుకున్నారు. పోల్చి చూడకుండా ఊరూరా ఆ ఆపరేషన్ మొదలుపెట్టి ఉంటే?

పెదవాల్తేరు_టీచరమ్మ | ఆదివారం ఉదయం 10:50

మీరిద్దరూ డమ్మీ దగ్గరే ఆగిపోయారు. మందు పనిచేసిందే అనుకుందాం. ఏడాదిన్నర తర్వాత ఆయనకు ఎవరిస్తారు? ఎన్నాళ్లిస్తారు? మెదడులో తీగలు పెట్టి కరెంటు ఇచ్చే డీబీఎస్ 1987లో ఫ్రాన్స్‌లో మొదలైంది. ఇన్నేళ్లయినా మన దగ్గర లక్షలు పోస్తేనే అది. కొత్తది కనిపెట్టడం ఒకటి, అది మన గుమ్మం దాకా రావడం ఇంకొకటి. నేను ట్రయల్‌కు వ్యతిరేకం కాదమ్మా, కానీ ఈ ప్రశ్నకు జవాబు కాగితం మీద రాయించుకోకుండా సంతకం పెట్టొద్దు.

కూర్మన్నపాలెం_క్రేన్ఆపరేటర్ | ఆదివారం మధ్యాహ్నం 3:30

(నేను చెబుతున్నాను, మనవరాలు టైపు చేస్తోంది. నా వేళ్లు ఫోన్ మీద నిలబడవు.)

స్టీల్‌ప్లాంట్‌లో 31 ఏళ్లు క్రేన్ నడిపాను. నాకు ఈ జబ్బొచ్చి తొమ్మిదేళ్లు. ఇక్కడ కాదుగానీ వేరే ఊళ్లో ఒక ట్రయల్‌లో ఉన్నాను. డమ్మీ పడిందో అసలుది పడిందో నాకిప్పటికీ తెలీదు, దాని గురించి నేనెప్పుడూ బాధపడలేదు. బాధంతా వేరు. ఎవరూ చెప్పరు, అందుకే చెబుతున్నాను.

జబ్బు ఎంతవరకు ముదిరిందో కొలవాలంటే సిండోపా ఒంట్లో ఉండకూడదు. అందుకని రాత్రి మాత్రే ఆఖరు. పొద్దున్నది వేసుకోకుండా తొమ్మిదింటికి అక్కడ ఉండాలి. అది ఎలాగుంటాదో తెలుసా? మంచం మీద పక్కకి ఒత్తిగిల్లలేం. ప్యాంటు తొడగడానికి కొడుకు కావాలి. ఆటో ఎక్కించడానికి ఇద్దరు కావాలి. అక్కడికి పోయాక వేళ్లు టకటకా ఆడించమంటారు, పిడికిలి మూసి తెరవమంటారు, చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేవమంటారు. వెనకనుంచి భుజాలు పట్టి గుంజుతారు, పడతామో నిలబడతామో చూడ్డానికి. అదంతా అయ్యాక మాత్రిస్తారు, కాసేపటికి మళ్లీ అవే చేయిస్తారు. పాపం ఆ పిల్ల డాక్టర్లు మర్యాదగానే చేస్తారు. కాకపోతే నేనెంత పాడైపోయానో నా కొడుకు కళ్లముందే తేలిపోయేది ఆ పూటే. మామూలు రోజుల్లో మాత్ర దాన్ని కప్పేస్తాది.

నేనైతే మళ్లీ పిలిస్తే వెళ్తాను. ఇంట్లో కూర్చుని ఏం చేస్తాను? కానీ అది నా ఇష్టం. ఇందాకటినుంచి చూస్తున్నాను, చేర్పించాలా వద్దా అని కూతురు అడుగుతోంది, అన్నయ్య చెబుతున్నాడు, మీరందరూ దెబ్బలాడుకుంటున్నారు. ఆయన్ని అడిగారా అమ్మా?

ఇంకోటి. పెసరట్టు తిన్న వెంటనే సిండోపా వేసుకుంటే ఆ పూట మాత్ర సముద్రంలో పారేసినట్టే, పెసల్లో ఉండే ప్రొటీన్ మందును సరిగా ఒంటికి పట్టనివ్వదు. మీ నాన్నగారికి మూడు గంటలే పనిచేస్తోందంటే ముందు అది చూసుకోండి. అరగంట ముందే వెయ్యండి.

గాజువాక_అమ్మాయి | సోమవారం రాత్రి 9:15

నిజం చెప్పాలంటే అడగలేదు బాబాయ్‌గారూ. మాట మెల్లగా వస్తుంది కదా అని నాన్న తరఫున అన్నీ మేమే మాట్లాడేస్తున్నాం.

ఈ సాయంత్రం కూర్చోబెట్టి మొత్తం చదివి వినిపించాను. డమ్మీ దగ్గర నవ్వారు. "నాకు డమ్మీ ఇస్తే రెండ్రోజుల్లో కనిపెట్టేస్తాను" అన్నారు. వాంకూవర్ సంగతి చెప్తే "వాళ్లు వేరు" అన్నారు! పుర్రె చిల్లుల దగ్గర మాత్రం చాలాసేపు మాట్లాడలేదు.

ఆఖర్న అడిగింది ఒక్కటే. పొద్దున్నే మాత్ర లేకుండా మన మూడో అంతస్తు ఎలా దిగాలి అని. మాకు లిఫ్ట్ లేదు. ఆసుపత్రికి ఫోన్ చేశాను. అలాంటి విజిట్లు నాలుగు ఉంటాయట. ముందురోజు రాత్రే అక్కడ బెడ్ ఇవ్వగలరా అంటే కనుక్కుని చెప్తామన్నారు. సీటీఆర్ఐ నంబర్ వెంటనే ఇచ్చారు. ట్రయల్ అయ్యాక మందు సంగతి అడిగితే "సార్‌తో మాట్లాడండి" అన్నారు, టీచరుగారూ. తెలుగు కన్సెంట్ ఫారం బుధవారం చేతికిస్తారట. నాన్న తనే చదువుతానంటున్నారు. మాత్ర వేసుకున్న గంటకు, కళ్లజోడు పెట్టుకుని.

పెసరట్టు మా ఇంట్లో వారానికి నాలుగు రోజులు బాబాయ్. ఈ రోజు నుంచి మాత్ర టైము మార్చాం.