నా కల్పిత భాషలో ‘ద్వి’ ఏది, ‘ద్వి’ ఏది?

ప్రశ్న (కడప): ఒక నాటకం కోసం సొంతంగా భాషను కల్పించుకొని, దాని వాక్యాల కింద పదానికి పదం అర్థమూ వ్యాకరణ సంకేతాలూ తెలుగులో రాసుకుంటున్నాను. ఇక్కడి బ్రౌన్ గ్రంథాలయంలో శబ్దరత్నాకరం నిఘంటువు తిరగేసి, అందులోని ‘వి.’ (విశేష్యం), ‘విణ.’ (విశేషణం) వంటి కుదింపుల పద్ధతినే అనుసరించాను. ‘కెలొముత నరిశె’ (రెండు పిట్టలను చూశాను) అన్న వాక్యం కింద ‘పిట్ట-ద్వి.-ద్వి. చూచు-భూత.ఉ.’ అని రాసి, వారం తరువాత చూసుకుంటే నాకే అర్థం కాలేదు. దారి చెప్పగలరు.

జవాబు: మీ మొదటి ‘ద్వి’ ద్వివచనం, రెండవది ద్వితీయా విభక్తి అయి ఉంటుందండీ. ‘ప్ర’ దగ్గరికి వస్తే చిక్కు ఇంకా ముదురుతుంది. ప్రథమా విభక్తి, ప్రథమ పురుష, ప్రశ్నార్థకం మూడూ దానికే ఎగబడతాయి. విభక్తులను వరుస సంఖ్యతో కాక అవి చేసే పనిని బట్టి ‘కర్త’, ‘కర్మ’ అని పిలవండి. ‘కి’, ‘కు’లను బడి వ్యాకరణం షష్ఠిలో చేరిస్తే భాషాశాస్త్రవేత్తలు చతుర్థి అంటారు కనుక, ఆ సంఖ్యలను నమ్ముకోకపోవడమే మేలు. పురుషలకు మాత్రం అంకెలే మంచివి. అయితే మన ‘ప్రథమ పురుష’ అంటే వాడు, అది; దానికి వేయవలసినది 3, ఉత్తమ పురుషకు 1. ఇక్కడ నేనూ ఒకసారి తప్పులో కాలేశాను.

ఇక చుక్క సంగతి. నిఘంటువులో అది కుదింపుకు గుర్తు. ఇలా పదానికి పదం అర్థం రాయడానికి భాషాశాస్త్రంలో వాడుకలో ఉన్న 10 లైప్‌జిగ్ నియమాల ప్రకారం, విడదీయలేని ఒకే రూపంలో రెండు అర్థాలు ఇమిడి ఉన్నప్పుడు వాటి మధ్య పెట్టేది. ‘ఇంటి-కి’ కింద ‘ఇల్లు.ఔప-సంప్ర’ అని రాస్తాం; ‘ఇంటి’లో ఇల్లన్న అర్థమూ ఔపవిభక్తిక రూపమూ (విభక్తి చేరే ముందు పదం మారే రూపం) కలిసిపోయాయి; ‘సంప్ర’ అంటే సంప్రదానం, ‘కి’ చేసే పని. మీ ‘శె’ కూడా భూతకాలాన్నీ ఉత్తమ పురుషనూ ఒక్కసారే చెబుతున్నది కనుక అక్కడ ఒక్కచోటే చుక్క ఉంచి, తక్కినవి తీసేయండి. అడ్డగీతలు రెండు వరుసలలోనూ సమానంగా ఉండాలి.

కెలొ-ము-త నరి-శె
పిట్ట-ద్వివ-కర్మ చూచు-భూత.1

ఇంగ్లీషువారు సంకేతాలను చిన్న సైజు పెద్దబడి అక్షరాలలో వేసి అర్థాల నుంచి వేరు చేస్తారు. మన లిపికి ఆ వీలు లేదు కాబట్టి బొద్దు అక్షరాలు వాడండి.

అడిగినవారు: కృతజ్ఞతలు. నా భాషలోనూ ‘మనము’, ‘మేము’ అన్న భేదం ఉన్నది. రెండింటికీ 1 వేస్తే అది పోదా?

జవాబు: పోతుంది. వినేవారిని కలుపుకుంటే ‘1బహు.కలు’, మినహాయిస్తే ‘1బహు.మిన’ అని రాయండి. పురుషకూ వచనానికీ మధ్య చుక్క అక్కరలేదు.