తెలుగు టైప్ చేస్తుంటే అక్షరాలు రెండుసార్లు పడుతున్నాయి, కర్సర్ ముందుకు దూకుతోంది

బ్రౌజర్‌లో నేరుగా టైప్ చేయగలిగే కంటెంట్‌ఎడిటబుల్ డివ్‌తో చిన్న నోట్స్ ఎడిటర్ కడుతున్నాను. లైబ్రరీలేవీ లేవు, మామూలు జావాస్క్రిప్టే. హ్యాష్‌ట్యాగ్ కొడుతుండగానే దానికి రంగు రావాలి. అందుకోసం ప్రతి ఇన్‌పుట్ ఈవెంట్‌కీ డివ్ లోపలి హెచ్‌టీఎంఎల్ అంతా (ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్) తిరగరాసి, ట్యాగ్‌ని స్పాన్‌లో పెడుతున్నాను.

ల్యాప్‌టాప్‌లో ఇంగ్లిష్ టైప్ చేస్తే ఇబ్బందేమీ లేదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో, ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు వచ్చే కీబోర్డుతో మాత్రం #అమ్మ అని కొడితే #అమ్అమ్మ అని పడుతోంది. కర్సర్ లైను మొదటికి పోతోంది. మా అమ్మలాంటి వాళ్లు వాడేది ఆ కీబోర్డే, కాబట్టి దీన్ని వదిలేయలేను.

కర్సర్ ఉన్న చోటుని (రేంజ్) దాచుకుని, కర్సర్‌ని మళ్లీ అక్కడే పెట్టి చూశాను, అక్షరాలు రెండుసార్లు పడటం ఆగలేదు. టైపింగ్ ఆగిన 300 మిల్లీసెకన్ల తర్వాతే రంగు వేసేలా డీబౌన్స్ పెట్టాను, నెమ్మదిగా టైప్ చేస్తే మళ్లీ అదే. కీడౌన్‌లో ఏ అక్షరానికైనా కీకోడ్ 229 అనే వస్తోంది, దాన్ని బట్టి తెలిసేదేమీ లేదు. చివరికి కీబోర్డు పదాన్ని ఇంకా కూరుస్తున్నంతసేపు (కంపోజిషన్), అంటే ఈజ్‌కంపోజింగ్ ట్రూ ఉన్నంతసేపు ఆగి, కంపోజిషన్‌ఎండ్ వచ్చాకే రంగు వేశాను. అక్షరాలు సరిగ్గా పడ్డాయి కానీ, స్పేస్ కొట్టేదాకా రంగు రావట్లేదు. ఫోన్‌లో ఇంగ్లిష్ పదాలకూ అదే తీరు.

కంపోజిషన్ నడుస్తుండగా డామ్‌ని (పేజీలోని ఎలిమెంట్ల నిర్మాణాన్ని) ముట్టుకోకుండా ట్యాగ్‌కి అప్పటికప్పుడు రంగు వేయడానికి ఫోన్‌లో పనిచేసే పద్ధతి ఏది?